వినాయక చవితి నుంచి దీపావళి దాకా: ఇంట్లో పీటీఎస్‌డీ ఉన్న మనిషి ఉంటే చప్పుళ్లకు ఎట్లా తయారు కావాలె?

గడియారం_సెంటర్ (నల్లగొండ)

మండపాలకు గుంజలు పాతుతున్నరు. ఇక చవితి, నిమజ్జనం, బతుకమ్మ, దసరా, దీపావళి వరుసగా వస్తయి. నడుమ నడుమ పెండ్లి బరాత్‌లు, ఎవరో ఒకరి గెలుపు ఊరేగింపులు ఉండనే ఉంటయి. పీటీఎస్‌డీ (భయంకరమైన సంఘటన జరిగినంక మనసును వదలని జబ్బు) ఉన్న మనిషికి, ఆ మనిషితో ఉండే ఇంటిల్లిపాదికి ఈ రెండు మూడు నెలలు చాలా కష్టం. "చెవుల దూది పెట్టుకొని లోపల పండుకో" అని అందరూ చెప్తరు. దూది పెట్టుకున్నా డీజే గుండెల్లనే కొడతది, ఏం లాభం?

ఈ సంగతులు తెలిసినోళ్లు ఇక్కడ చాలామంది ఉన్నరు. గది ఎట్లా సిద్ధం చేయాలె, మండపం పిల్లలతో ఏం మాట్లాడాలె, మందుల సంగతి ఏంది, మనిషి బిగుసుకుపోతే ఆ నిమిషంలో ఏం చేయాలె, వివరంగా రాయుండ్రి. ఒక్క విన్నపం. యాక్సిడెంట్లు, పేలుళ్లు, కాల్పుల వర్ణనలు ఇక్కడ వద్దు, సొంతవైనా సరే. చదివేటోళ్లలో అటువంటివి చూసి వచ్చినోళ్లు ఉంటరు.

డిండి_వాగు (క్లినికల్ సైకాలజిస్టు)

ముందు క్యాలెండర్ తీయండి, దూది సంగతి తర్వాత.

పీటీఎస్‌డీలో చప్పుడు ఎంత పెద్దదన్న దానికంటే, ఎప్పుడు పడుతుందో తెలియకపోవడమే ఎక్కువ దెబ్బ తీస్తుంది. గంటసేపు ఆగకుండా మోగిన డప్పును తట్టుకున్న మనిషే, ఆ తర్వాత నిశ్శబ్దంలో పేలిన ఒక్క సుతిలి బాంబుకు మంచం కిందికి దూరవచ్చు. చప్పుడు చెవిన పడగానే మెదడులో అపాయాన్ని పసిగట్టే అమిగ్డాలా ఒంటిని సిద్ధం చేసేస్తుంది. కండరాలు బిగుస్తాయి, గుండె దడదడలాడుతుంది, చెమట పడుతుంది. "ఇది పటాకే" అని గుర్తుపట్టడం ఆ తర్వాత. అందుకే "ధైర్యంగా ఉండు" అన్న మాట పనిచేయదు. ధైర్యం చేసే వీలు వచ్చేలోపే ఒళ్లు స్పందించేసింది.

కాబట్టి మన పనంతా ఒక్కటే. తెలియని చప్పుడును వీలైనంత వరకు ముందే తెలిసిన చప్పుడు చేయడం.

పండుగకు కనీసం రెండు వారాల ముందు, మనిషి నెమ్మదిగా ఉన్న పూట, కాగితం పెన్ను పట్టుకొని కూర్చోండి. ఏవి ఇబ్బంది పెడతాయో ఒక్కొక్కటీ రాసి పక్కన సున్నా నుంచి పది దాకా అంకె వేయించండి. మన దగ్గర సాధారణంగా వచ్చేవి ఇవి: సుతిలి బాంబు, లక్ష్మీ బాంబు, థౌజండ్ వాలా, డీజే బేసు, బోనాల్లో పోతరాజు కొరడా దెబ్బ (తుపాకీ పేలినట్టే ఠప్పున తెగి పడుతుంది), పీర్ల పండుగలో గుండం మంటతో కలిసిన డప్పు, రంగు కాగితాలు చిమ్మే బ్లాస్టర్లు, కళ్లలో కొట్టే డీజే లైట్లు, వెనుక నుంచి తోసే జనం. వాసనలు మరిచిపోవద్దు. కొందరికి చప్పుడు మూడు మాత్రమే, మందుగుండు పొగ లేదా జనరేటర్ డీజిల్ పొగ తొమ్మిది.

తేదీలు కూడా రాయండి. 2013 అక్టోబర్ 30న అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర 45 మంది ప్రాణాలు పోయిన బస్సు ప్రమాదం దీపావళికి కొద్ది రోజుల ముందే జరిగింది. అలాంటి సంఘటనలతో ముడిపడ్డవాళ్లకు, సహాయానికి పరుగెత్తినవాళ్లకు కూడా, ఆ తేదీ దగ్గరపడుతుంటేనే నిద్ర చెడుతుంది, కోపం పెరుగుతుంది. తేదీ, పండుగ రెండూ ఒకే వారంలో పడితే బరువు రెట్టింపు. ఆ వారంలో కొత్త పనులు, ప్రయాణాలు, పేచీలు పెట్టుకోకండి.

మైకుసెట్టు_పాలమూరు

మేడం చెప్పిన దాంట్ల చప్పుళ్లను రెండు రకాలుగా విడదీసుకోవాలె. పటాకి ఒక రకం, డీజే బేసు ఇంకో రకం. దేనికి చేసేది దానికే పనిచేస్తది.

పటాకి చప్పుడు గాలి సందుల నుంచి వస్తది. గాలి దూరే చోట చప్పుడు దూరుతది. తలుపు కింద అరంగుళం సందు ఉంటే గోడ ఎంత మందం ఉన్నా దండగే. పాత బొంత గట్టిగ చుట్టి తలుపు కింద పెట్టుండ్రి. కిటికీ రెక్కల నడుమ సందుల్ల గుడ్డ పేలికలు కుక్కి, లోపలి వైపు దూది పరుపు నిలబెట్టుండ్రి. వెంటిలేటర్‌కు అట్టపెట్టె కోసి, దాని వెనుక చద్దరు మడిచి పెడితే చాలు. కానీ గది మొత్తం మూసి పొయ్యి, కుంపటి, సాంబ్రాణి, దోమల కాయిల్ ఏదీ లోపల పెట్టొద్దు, ఊపిరాడదు. వీధికి అవతలి వైపున్న ఒక సందు తెరిచి ఉంచాలె.

బేసు అట్ల ఆగదు. అది గోడలను, తలుపులను, మనిషి రొమ్మును ఊపుతది. ఇంట్లో బేసును పెంచేది చాలాసార్లు మన సామానే. గిన్నెల స్టాండుల మూతలు, గోడకు తగిలేసిన ఫొటోలు, కిటికీ అద్దాలు, బీరువా మీది ట్రంకుపెట్టె, అన్నీ గలగలమంటయి. ఆ గలగలే మనిషిని ఎక్కువ ఉలిక్కిపడేటట్టు చేస్తది. మూతలు తీసి కింద బట్ట పరిచి బోర్లియ్యుండ్రి. ఫొటోలు దించుండ్రి. అద్దం, చట్రం నడుమ మడిచిన కాగితం దోపుండ్రి. మంచం గది మూలకు, గోడకు ఆనిచ్చి ఉంటే ముందుకు జరుపుండ్రి. మూలల్ల, గోడల దగ్గర బేసు పోగైతది. మంచం కోళ్ల కింద పాత సైకిల్ టైరు ముక్కలు రెండు మూడు మడతలు పెడితే అదురు కొంత తగ్గుతది.

రేకుల ఇల్లయితే ఎంత చేసినా కష్టమే. ఆ రాత్రికి స్లాబు ఇల్లున్న చుట్టాల దగ్గరికి పోవుడే మంచిది, అదీ కింది అంతస్తుల, వీధికి దూరంగ ఉన్న నడిమింట్ల.

మండపం వాళ్లను అడిగేటప్పుడు "సౌండ్ తగ్గించు" అంటే పావుగంట తగ్గించి మళ్ల పెంచుతరు. "పై బాక్సులు అటు తిప్పు, కింద బేసు బాక్సు ఒక్కటి బంద్ చెయ్యి" అనుండ్రి. పై బాక్సుల చప్పుడు ముఖం తిప్పిన దిక్కుకే పోతది, తిప్పితే తేడా తెలుస్తది. బేసు నాలుగు దిక్కులకూ పోతది గనుక దాన్ని తిప్పితే లాభం లేదు, ఆపాలె లేదా దూరం జరపాలె. బయట ఖాళీ జాగల దూరం రెట్టింపైతే సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతది.

గడియారం_సెంటర్ (నల్లగొండ)

అన్నా, లోపల ఏదన్నా వేరే చప్పుడు పెట్టి బయటిది వినబడకుండ చేయొచ్చా? టీవీ పెద్దగ పెట్టమంటున్నరు కొందరు.

మైకుసెట్టు_పాలమూరు

టీవీ వద్దు. మాటలు, పాటలు ఆగి ఆగి వస్తయి, ఆ ఆగిన సందులనే బాంబు పడుతది. ఆగకుండ ఒకే తీరు మోగేది కావాలె. కూలర్ నీళ్లు లేకుండ ఫ్యాన్ మాత్రం వేసినా సరిపోతది. లేకుంటే ఫోన్‌ల వాన చప్పుడు, జలపాతం చప్పుడు దింపుకొని పెట్టుకోండ్రి. బయటి చప్పుడును కొట్టేసేంత పెద్దగ అక్కర లేదు. పక్కనున్న మనిషి మామూలుగ మాట్లాడితే వినపడేటంత పెట్టుకుంటే, బాంబుకు ముందున్న నిశ్శబ్దం పోతది. ఉలికిపాటు తగ్గేది దాంతోనే.

ఇంకొకటి. నిమజ్జనం రోజు పెద్ద విగ్రహాలు పోయేటప్పుడు తీగలు తగులతయని కరెంటు తీసేస్తరు. కూలర్ ఆగుతది, లైటు పోతది, చీకట్ల బయట డప్పు ఒక్కటే మిగులుతది. అన్నిటికంటె చెడ్డ నిమిషం అదే. ఫోన్, బ్లూటూత్ స్పీకర్ నిండ చార్జింగ్ పెట్టి, చప్పుడు ఫైలు నెట్ లేకున్నా నడిచేటట్టు దింపి పెట్టుకోండ్రి. చార్జింగ్ లైటు మంచం పక్కనే ఉండాలె, వెతుక్కునేటట్టు ఉండొద్దు.

వార్డు_నర్సు

చెవి ప్లగ్గుల గురించి రాస్త. మందుల దుకాణంల, హార్డ్‌వేర్ షాపుల దొరికే మెత్తటి ఫోమ్ ప్లగ్గులు చాలు. డబ్బా మీద 29, 33 డెసిబెల్స్ అని రాసి ఉంటది. అది సరిగ్గ పెట్టుకున్నోళ్ల లెక్క, చాలామందికి అందులో సగం కూడా రాదు. కారణం పెట్టుకునే తీరు. వేళ్లతో సన్నటి పుల్ల లాగ ముడతలు లేకుండ నలపాలె. అవతలి చెయ్యిని తల మీదుగ తెచ్చి చెవిని పైకి, వెనక్కి లాగాలె. అప్పుడు చెవి దారి నిటారుగ అయితది. ప్లగ్గు లోపలికి తోసి, వేలితో 30 సెకన్లు ఒత్తి పట్టాలె. అది ఉబ్బి నిండుకునేదాకా వదలొద్దు. సరిగ్గ పడితే సొంత మాట తలకాయలనే మోగినట్టు వినిపిస్తది. బయటికి సగం కనబడుతుంటే పడలేదన్నట్టే. చెవి కారుతున్నోళ్లు, చెవి నొప్పి ఉన్నోళ్లు పెట్టుకోవద్దు. దూది ఉండతో వచ్చే లాభం చాలా తక్కువ.

ప్లగ్గుల మీద కారఖానాల వాడే ఇయర్ మఫ్ వేస్తే రెండింటి అంకెలు కూడవు. ఎక్కువున్న దానికి ఇంకో 5 డెసిబెల్స్ కలుస్తది, అంతే. అయినా థౌజండ్ వాలా పేలే ఆ రెండు మూడు నిమిషాలకు పనికొస్తది. నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్ జనరేటర్ హోరును, దూరపు బేసును బాగ తగ్గిస్తది. ఠప్పున పేలే దాన్ని అందుకోలేదు.

ఇక్కడ రెండు చోట్ల తేడా కొడతది. కొందరికి చెవులు మూసుకుంటే "వెనుక నుంచి ఎవరొస్తున్నరో వినబడదు" అని భయం ఎక్కువైతది. అట్లాంటోళ్లను గోడకు వీపు ఆనిచ్చి, తలుపు కనబడేటట్టు కూర్చోబెట్టి, ఎదురుగ ఇంటి మనిషి ఒకరు ఉండాలె. లేదా ఒక్క చెవికే పెట్టాలె. రెండోది, పండుగ అయిపోయినంక కూడా రోజంతా ప్లగ్గులు పెట్టుకునే అలవాటు. నిశ్శబ్దంల చెవులు మూసి ఉంచితే చిన్న చప్పుడు కూడా పెద్దగ వినిపించుడు మొదలైతది. చప్పుడు ఉన్నంత సేపే పెట్టి, ఆగినంక తీసేయాలె.

సూర్యాపేట_మాజీ_జవాను

ఇదంతా సరే. నిమజ్జనం, దీపావళి రెండు రాత్రులు ఊరు విడిచి పోతే అయిపోతది గదా? మాజీ సైనికుల కుటుంబాలకు మేం ముందు చెప్పేది అదే. కానీ ఎక్కడికి పోతున్నరో చూసుకోవాలె. నిమజ్జనం రోజు సాగర్ దిక్కు, బీచుపల్లి దిక్కు పోతే చప్పుడుకు ఎదురు పోయినట్టే, విగ్రహాలన్నీ కృష్ణకే వస్తయి. నల్లగొండోళ్లయితే వల్లభరావు చెరువు తొవ్వ తప్పించుకోవాలె. బావి కాడి కొట్టంల పండుకుంటం అంటరు కొందరు. అడవిపందులను, కోతులను బెదిరించనీకి చేన్లల్ల పటాకులు, పైపు తుపాకులు పేలుస్తరు. పక్క చేను రైతును ముందే అడగాలె. రోడ్డు ప్రయాణం పగటిపూట పూర్తి చేయాలె. బైకు మీద పోతుంటే పక్కన బాంబు పడితే హ్యాండిల్ వదిలేసే ప్రమాదం ఉన్నది, ఆ రాత్రుల్ల బండి ఆ మనిషి నడపొద్దు.

డిండి_వాగు (క్లినికల్ సైకాలజిస్టు)

అన్నా, ప్రయాణపు జాగ్రత్తలన్నీ ఒప్పుకుంటాను. ఊరు విడవడం విషయంలో మాత్రం కొంచెం తేడాగా చూస్తాను. లక్షణాలు తీవ్రంగా ఉన్నప్పుడు, చికిత్స మొదలే కానప్పుడు, రెండు రాత్రులు దూరంగా ఉండటం మంచిదే. సిగ్గుపడాల్సింది అందులో ఏమీ లేదు. అయితే ఏటేటా అదే చేస్తే మెదడుకు ఒకే పాఠం అందుతుంది: "తప్పించుకున్నాను కాబట్టి బతికాను" అని. మరుసటి ఏడు పెండ్లికి పోరు, ఆ తర్వాత సంతకు పోరు, చివరికి గడప దాటరు.

నడిమి దారి ఉంది. చవితి తొమ్మిది రోజుల్లో ఏ రోజు ఇంట్లో ఉండాలో, ఏ రోజు వెళ్లాలో ఆ మనిషే ముందుగా నిర్ణయించుకోవాలి. మొదటి రోజుల్లో పగటి పూజకు, జనం పలుచగా ఉన్నప్పుడు, పది నిమిషాలు మండపం దగ్గర నిలబడి రావచ్చు. బయటికి వచ్చే దారి దగ్గరే నిలబడాలి. వెంట ఒక మనిషి, వెళ్లిపోదాం అనడానికి ఒక సైగ, బండి తాళం చేతిలో. వెళ్లే ముందు భయానికి అంకె వేసి, కొంత దిగాక తిరిగి రావాలి. భయం పదికి చేరిన నిమిషంలోనే పరుగెత్తి వస్తే తర్వాతిసారి ఇంకా కష్టమవుతుంది. అందుకే మూడో నాలుగో అంకె వేసిన చోటుతో మొదలుపెట్టాలి, తొమ్మిదితో కాదు.

రికార్డు చేసిన పటాకుల చప్పుడు తక్కువ నుంచి పెంచుతూ వినిపించే సాధన కూడా ఉంది. కానీ అది వారాలపాటు థెరపిస్టు దగ్గర, ఒక్కో విడత అరగంటకు పైగా, భయం దిగేదాకా కూర్చొని చేసేది. పండుగ వారంలో ఇంట్లోవాళ్లు యూట్యూబ్ పెట్టి "అలవాటు చేసుకో" అనడం వేరు. దయచేసి అది చేయకండి.

దేవరకొండ_యూత్

మండపం నడిపించే వైపు నుంచి చెప్తున్న. మా దగ్గరికి వచ్చి మాట్లాడేటోళ్లలో చాలామంది డీజే మొదలైనంక, పది మంది ముందట, కోపంగ వస్తరు. అప్పుడు ఎవరూ వినరు. చందాకు వచ్చిన రోజే చెప్పుండ్రి. చందా రాస్తూ "తమ్మీ, మా ఇంట్ల ఆరోగ్యం బాగలేని మనిషి ఉన్నడు, డాక్టరు పెద్ద చప్పుళ్లు వద్దన్నడు" అంటే చాలు, రోగం పేరు అక్కర లేదు. వినేటోడు ఒక్కడు ఉంటడు, వాని నంబరు తీసుకోండ్రి. కమిటీ పెద్దను పట్టుకుంటే సరిపోదు. పటాకులు ముట్టించేది, డీజే వాడితోని మాట్లాడేది ఎవరో కనుక్కోవాలె.

అడిగేది చిన్నగ, లెక్కగ ఉండాలె. ఒకటి, లడీ (పటాకుల దండ) ముట్టించే ఐదు నిమిషాల ముందు ఒక మిస్డ్ కాల్. రెండు, ట్రాక్టర్ మీ గల్లీ మూల తిరిగినంక మీ ఇల్లు దాటేదాకా బాంబుల్లేవు, డప్పు మాత్రమే. మూడు, ఊరేగింపు మీ ఇంటి ముందట ఆగొద్దు. మూడింటికీ యూత్ సరే అంటరు, ఎందుకంటే వాళ్ల పండుగ ఆగదు. "ఈ గల్లీల డీజేనే పెట్టొద్దు" అంటే సరే అన్నట్టే ఉంటరు, ఆ రోజు మాత్రం పెడతరు.

మిస్డ్ కాల్ వచ్చినంక ఇంట్లోళ్లు ఆ మనిషికి మెల్లగ చెప్పాలె. "ఐదు నిమిషాలల్ల లడీ, రెండు నిమిషాలు పేలుతది, అయిపోతది." ఎప్పుడు మొదలు, ఎప్పుడు ఆఖరు అని రెండూ చెప్పాలె.

కోర్టు_గుమాస్తా

మాటతో కాకపోతే చట్టం ఉన్నది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మైకులు, డీజేలు నిషేధం. సాంస్కృతిక, మత పండుగలకు రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిలో మొత్తం 15 రోజులకు మించకుండా రాత్రి 12 దాకా సడలింపు ఇవ్వవచ్చు. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలం. మైకు పెట్టాలంటే రాతపూర్వక అనుమతి ఉండాలి. పటాకులకు, పేలే చోటు నుంచి 4 మీటర్ల దూరంలో 125 డెసిబెల్స్ దాటకూడదు. దీపావళికి రాత్రి 8 నుంచి 10 వరకే కాల్చాలని 2018 అక్టోబర్ 23న సుప్రీంకోర్టు చెప్పింది, లడీలను కూడా వద్దంది.

2024 అక్టోబర్‌లో ఊరేగింపుల్లో డీజేలు, పటాకులు నిషేధిస్తూ పోలీసులు ఇచ్చిన ఉత్తర్వు హైదరాబాద్ కమిషనరేట్ పరిధిది. దాన్ని నల్లగొండలోనో, మహబూబ్‌నగర్‌లోనో చూపించి వాదిస్తే నిలవదు. ఇక్కడి అనుమతి పత్రంలో ఏ షరతులు రాశారో అవే చూపించాలి.

ఫిర్యాదుకు 100 లేదా 112. ఫోన్ యాప్ చూపించిన డెసిబెల్స్‌ను సాక్ష్యంగా నమ్ముకోవద్దు, పెద్ద చప్పుడుకు ఫోన్ మైకు సరిగా కొలవదు. టైము, చోటు, బండి నంబరు కనబడే వీడియో మేలు. పండుగకు వారం ముందే డాక్టర్ చీటీ నకలు జతచేసి స్టేషన్‌లో ఒక దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకుంటే, ఆ రాత్రి ఫోన్ చేసినప్పుడు మొదటి నుంచి కథ చెప్పే పని ఉండదు. చీటీలో రోగం పేరు లేకుండా "పెద్ద శబ్దాలు హానికరం" అని రాయమని డాక్టర్‌ను అడగవచ్చు.

మందుల_దుకాణం (జడ్చర్ల)

మందుల మాట. సెర్ట్రాలిన్, పారోక్సెటిన్ లాంటివి పీటీఎస్‌డీకి రాస్తరు. అవి పని మొదలుపెట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతది. పండుగ రేపనంగా వచ్చి మొదలుపెడితే ఈ పండుగకు అందవు. రోజూ వేసుకునేటోళ్లు పండుగ హడావుడిల, చుట్టాలింట్ల, ఒకటి రెండు రోజులు మరిచిపోతే తల తిరుగుడు, చిరాకు, తలల కరెంటు కొట్టినట్టు జిల్లుమనుడు వస్తది. దాన్ని పండుగ చప్పుడు వల్లనే అనుకుంటరు. ప్రయాణానికి రెండు రోజులవి ఎక్కువ పెట్టుకోవాలె.

అల్‌ప్రాజోలమ్, డయాజెపామ్, క్లోనాజెపామ్ "ఆ ఒక్క రాత్రికి" అని చీటీ లేకుండ అడుగుతరు. ఇయ్యం, ఇయ్యొద్దు కూడా. పీటీఎస్‌డీకి అవి సరైన మందులు కావు. రాత్రి మత్తు ఇచ్చి, దిగినంక కంగారు ఇంకా పెంచుతయి, అలవాటైతయి. తాగుడుతోని కలిస్తే ఊపిరి మందగించి ప్రాణం మీదికి వస్తది.

మన పాలమూరుల దీనికి ఇంకో ముడి ఉన్నది, కల్లు. కల్తీ కల్లుల అల్‌ప్రాజోలమ్, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్ కలుపుతరని అందరికీ తెలుసు. రోజూ తాగే మనిషి పండుగ ప్రయాణంల ఒక్కసారిగ మానేస్తే రెండు మూడు రోజులల్ల వణుకు, నిద్ర లేకపోవుడు, లేనివి కనబడుడు, మూర్ఛ దాకా పోతది. ఇంట్లోళ్లు "పటాకులకు పిచ్చిలేసింది" అనుకుంటరు. మూర్ఛ వచ్చినా, మనిషి ఎక్కడున్నడో తెలియకున్నా అది ఆసుపత్రి పని, 108కి ఫోన్ చేయాలె. ఎన్ని సీసాలు తాగుతడో డాక్టరుకు దాచకుండ చెప్పాలె.

గడియారం_సెంటర్ (నల్లగొండ)

ఇన్ని చేసినా ఆ నిమిషం రావచ్చు. మనిషి బిగుసుకుపోయి, పిలిస్తే పలకకుండ, కండ్లు ఎటో చూస్తుంటే? లేదా అరుస్తూ అందరినీ కింద పడుకోమంటుంటే?

వార్డు_నర్సు

ముందు చేయకూడనివి, ఎందుకంటే ఇంట్లోళ్లు కంగారుల చేసేవి అవే. వెనుక నుంచి పట్టుకోవద్దు. చుట్టూ మూగొద్దు. ముఖం మీద నీళ్లు చల్లొద్దు, చెంప కొట్టొద్దు, ఉల్లిగడ్డ ముక్కు దగ్గర పెట్టొద్దు. ఆ క్షణంల ఆ మనిషి ఉన్నది మీ ఇంట్ల కాదు, పాత సంఘటనల. ముట్టుకున్న చెయ్యి ఎవరిదో తెలియదు, తోసేస్తడు, కొడతడు. తర్వాత దానికే కుమిలిపోతడు.

ఒక్కరే ఉండాలె, మిగిలినోళ్లు పిల్లలను తీసుకొని పక్కగదికి పోవాలె. లైటు వేయాలె. ఎదురుగ, చెయ్యి అందనంత దూరంల, కింద కూర్చోవాలె. నిలబడి మీది నుంచి మాట్లాడొద్దు. గొంతు తగ్గించి, పొట్టి మాటలు: "నాయినా, నేను నీ బిడ్డను. మనం మన ఇంట్ల ఉన్నం. ఇయ్యాల నిమజ్జనం. బయట పేలింది పటాకి. అయిపోయింది." ఆగి మళ్ల అవే మాటలు. ఏడు, నెల, వారం కూడా చెప్పుండ్రి. "ఏమైంది, ఏం కనబడుతుంది" అని అడగొద్దు.

చూపు మీ దిక్కు తిరిగినంక పాదాలు నేలకు ఒత్తమనాలె. ఒట్టి పాదం కింద బండ చల్లదనం తెలియాలె. గోరంత పని ఇయ్యుండ్రి: గదిల కనబడే ఐదు వస్తువుల పేర్లు చెప్పమనుడు, ముట్టుకునేవి నాలుగు, వినబడేవి మూడు, వాసనలు రెండు, రుచి ఒకటి. అన్నీ పూర్తి కాకున్నా పర్వాలేదు. చెప్పి, అడిగి, సరే అన్నంకనే చేతిల మంచుగడ్డ లేదా తడిబట్ట పెట్టొచ్చు. నిమ్మతొక్క గిల్లి ఇస్తే మందుగుండు వాసన నుంచి ముక్కు పక్కకు తిరుగుతది. ఊపిరి నాలుగు లెక్కపెట్టి పీల్చి, ఆరు లెక్కపెట్టి వదలాలె. వదిలేదే పొడుగు ఉండాలె. "గట్టిగ పీల్చు, గట్టిగ పీల్చు" అంటే వేగం పెరిగి వేళ్లు తిమ్మిరెక్కుతయి, భయం ఇంకా ఎక్కువైతది.

నెమ్మదిపడ్డంక నీళ్లు, దుప్పటి. ఆ రాత్రి జరిగిన దాని గురించి పంచాయితీ వద్దు.

ఇంకొకటి తప్పక రాయాలె. మన ఊర్లల్ల దీన్ని "గాలి సోకింది", "శిగమూగుతున్నడు" అని చూసే అలవాటు ఉన్నది. దేవుని మీద నమ్మకాన్ని నేను తప్పు పట్టను, విభూది పెట్టుకుంటే మనసుకు నిమ్మళం అంటే పెట్టుకోవచ్చు. కానీ మిరపకాయల పొగ, వేపమండల దెబ్బలు, జుట్టు పట్టి "నువ్వెవరు" అని అడుగుడు ఆ మనిషిని మళ్ల అదే భయంలకు నెడతయి.

ఛాతీ నొప్పి మొదటిసారి వచ్చినా, ఎడమ చెయ్యి, దవడ లాగుతున్నా, పీటీఎస్‌డీనే అని కూర్చోవద్దు, 108. బతకొద్దనే మాట అంటే ఒంటరిగ వదలొద్దు. టెలి మానస్ (మానసిక సాయానికి సర్కారు ఫోన్ లైను) 14416కు ఫోన్ చేయుండ్రి, 24 గంటలూ ఉంటది, తెలుగుల మాట్లాడుతరు, పైసలు పడవు.

సూర్యాపేట_మాజీ_జవాను

నర్సమ్మ చెప్పిన మాటలు కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి తలుపు వెనుక అంటించుండ్రి. ఆ సమయంల ఎవరికీ గుర్తురావు. ఇంటికి వచ్చే చుట్టాలకు కూడా ముందే చెప్పాలె. "మిలట్రీల చేసినోడు పటాకులకు భయపడుతడా" అన్న ఒక్క మాట చాలు, ఆ మనిషి మందులు, డాక్టరు అన్నీ బంద్ పెడతడు. ఆ మాట అన్నోళ్లను పక్కకు పిలిచి మెల్లగ ఆపే బాధ్యత ఇంట్ల ఒకరు తీసుకోవాలె, ఆ మనిషి ముందట మాత్రం వద్దు.

పాలమూరు_టీచరమ్మ

ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్లకు పటాకులు పూర్తిగా మానిపించడం కష్టం. "నాన్న వల్ల మాకు దీపావళి లేదు" అనే మాట ఆ తండ్రికి చప్పుడు కంటే ఎక్కువ బాధ. కాకరపువ్వొత్తులు, చిచ్చుబుడ్లు, భూచక్రాలు చప్పుడు తక్కువవి, వాటిని తండ్రి చూస్తుండగా, ఒక్కొక్కటీ చెప్పి వెలిగించవచ్చు. చిచ్చుబుడ్డి ఒక్కోసారి పేలుతుంది, కాబట్టి అది కొంచెం దూరంగా. పొగ వాసన ఇబ్బందైతే అదీ వద్దు, దీపాలు చాలు.

గడియారం_సెంటర్ (నల్లగొండ)

అందరికీ దండాలు. ఆఖరి ప్రశ్న. చికిత్సకు ఎక్కడికి పోవాలె, గది ఎప్పటిదాకా ఇట్లనే ఉంచాలె?

డిండి_వాగు (క్లినికల్ సైకాలజిస్టు)

నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట ప్రభుత్వ జనరల్ ఆసుపత్రుల మానసిక విభాగం ఓపీకి వెళ్లండి. ఇంకా పెద్ద వైద్యం కావాలంటే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి. అక్కడ అడగాల్సింది నిద్రమాత్ర కాదు, సంఘటన మీద నేరుగా పనిచేసే కౌన్సెలింగ్. ట్రామా (మనసుకు తగిలిన గాయం) మీద చేసే సీబీటీ (ఆలోచనలను, నడతను మార్చే మాటల చికిత్స), ఈఎండీఆర్ (కళ్లు అటూ ఇటూ కదిలిస్తూ ఆ జ్ఞాపకం మీద చేసే చికిత్స) అనే పేర్లు చెప్పి అడగండి. దగ్గరలో లేకపోతే ఎక్కడ చేస్తారో చీటీ రాయించుకోండి. సంఘటన జరిగి నెల దాటినా పీడకలలు, ఉలికిపాటు, తప్పించుకు తిరగడం తగ్గకపోతే ఆలస్యం చేయొద్దు. పండుగ తర్వాతి వారానికి ఇప్పుడే ఒక రోజు అనుకోండి, లేకపోతే చప్పుళ్లు ఆగాక "ఇప్పుడు బాగానే ఉంది కదా" అని మరుసటి చవితి దాకా వాయిదా పడుతుంది.

దేవరకొండ_యూత్

గది సంగతి నేను చెప్త. దీపావళి తెల్లారి తీసేయకుండ్రి. పేలని బాంబులు ఏరుకొని పిల్లలు రెండు మూడు రోజులు పొద్దుగాల, బడి నుంచి వచ్చినంక పేలుస్తనే ఉంటరు, ఇవి ఎవరూ చెప్పకుండ పేలేవి. తెల్లారి ఆరింటికే ఇద్దరు పోయి మీ ఇంటి ముందు, గల్లీ రెండు మూలల దాకా ఊడ్చి, ఏరిన బాంబులన్నీ నీళ్ల బకెట్ల వేయుండ్రి. వత్తి ఎర్రగ ఉన్నదాన్ని చేత్తో ముట్టొద్దు, దూరం నుంచి నీళ్లు పోయాలె. మిగిలిన పటాకులు కార్తీక పౌర్ణమికి కాలుస్తరు. ఆ రాత్రి దాటినంక పరుపు దించుండ్రి.